ఉద్యోగమొచ్చిన ఊళ్లో మన కాపురమెక్కడ?

ఈమధ్య మన పిల్లలకు కొందరికి ఉద్యోగాలొచ్చాయి. 2024లో తెలంగాణలో, 2025లో ఆంధ్రలో డీఎస్సీ నియామకాలు జరిగాయి. బ్యాంకుల్లో, రైల్వేలో, కరెంటాఫీసుల్లో కూడా అక్కడొకరు ఇక్కడొకరు చేరుతున్నారు. ఆర్డరు కాయితం చేతికొచ్చిన రోజు పల్లెలో మిఠాయి పంచుతాం. అంబేద్కర్ విగ్రహానికి దండేస్తాం. మర్నాడు ఆ పిల్లో పిల్లాడో పెట్టె సర్దుకుని బస్సెక్కుతారు. బస్సు దిగిన ఊళ్లో వాళ్లు ఎవరింట్లో తల దాచుకోవాలన్న సంగతి మాత్రం మనమెవరం మాట్లాడుకోం. కమిటీ మీటింగుల్లో దానిమీద తీర్మానం లేదు. కరపత్రాల్లో ఒక్క డిమాండు లేదు. అది సొంత విషయం, ఎవరి తిప్పలు వాళ్లు పడతారులే అని వదిలేశాం. అది సొంత విషయం కాదు, ఉద్యమం నెత్తికెత్తుకోవాల్సిన విషయం అని చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

సర్కారు ఉద్యోగికి జీతంతోపాటు ఇంటద్దె అలవెన్సు వస్తది. ఇల్లు మాత్రం కులం చూసి వస్తది. నేను ఇరవయ్యేళ్ల పైచిలుకు బడిపంతులుగా చేస్తన్నాను. మూడు బదిలీలయ్యాయి, నాలుగు ఊళ్లలో ఇల్లు వెతికాను. ఊరు మారినా వెతుకులాట తీరు మారలేదు. టులెట్ బోర్డు చూసి లోపలికెళ్తాం. మొదటి ప్రశ్న ఉద్యోగం గురించి. గవర్నమెంటు టీచరంటే ఇంటాయన మొహం వెలుగుతుంది, అద్దె నెలనెలా ఠంచనుగా వస్తదని. రెండో ప్రశ్న పేరు. మూడోది ఇంటిపేరు. దాంతో తేలకపోతే సొంతూరు. ఊరితోనూ తేలకపోతే 'నీసు తింటారా?' అని. అప్పటికీ తేలకపోతే మొహమాటం వదిలేసి 'ఇంతకీ మీరేవుట్లు?' అని.

ఆ ఒక్క మాటకు జవాబు చెప్పాక ఇంట్లో అన్నీ మారిపోతాయి. పెద్దావిడకు మడి గుర్తొస్తుంది. హైదరాబాదులో ఉన్న కొడుకు వచ్చే నెల్లోనే వచ్చేస్తాడు. నిన్న సాయంత్రమే ఎవరో అడ్వాన్సు ఇచ్చిపోయి ఉంటారు. బోర్డు మాత్రం ఆర్నెల్లు ఆ గేటుకే వేలాడతది.

నా రెండో బదిలీలో ఒక మండల కేంద్రంలో జరిగింది చెప్తాను. అక్కడ ఇంటివాళ్లు కులం అడగలేదు. నా పేరు చూసి ఏమనుకున్నారో, అడ్వాన్సు తీసుకుని తాళంచెవి ఇచ్చారు. నాలుగో రోజు మా అమ్మ పల్లె నుంచి వచ్చింది. ఆమె చీరకట్టూ మాటా చూసి ఇంటావిడకు సంగతి తెలిసిపోయింది. ఆ సాయంత్రం నుంచి నీళ్ల మోటారు చెడిపోయింది. మా వాటాకు మాత్రమే చెడిపోయింది. వారం తిరక్కుండా అడ్వాన్సు డబ్బులు తెచ్చి గట్టుమీద పెట్టి పోయారు. చేతికి కూడా ఇవ్వలేదు. 'నేను రాకపోతే బాగుండేది గదా అయ్యా' అంది మా అమ్మ. నాట్లేసి, కలుపు తీసి, నన్ను బీఈడీ దాకా చదివించిన మనిషి కొడుకింటికి వచ్చినందుకు తన్ను తాను తిట్టుకుంది. అద్దె ఇల్లు పోయింది పెద్ద విషయం కాదు. తల్లి చేత ఆ మాట అనిపించిన ఊరిని ఏమనాలి?

ఈ గోస మనతో మొదలవలేదు. 1917లో బాబాసాహెబ్ అమెరికాలో, లండన్‌లో చదువుకుని వచ్చి బరోడా సంస్థానంలో ఉద్యోగంలో చేరారు. సంస్థానం స్కాలర్‌షిప్పు ఇచ్చి చదివించింది కాబట్టి అక్కడే పని చేయాలని ఒప్పందం. రైలు దిగాక ఆయన ముందున్న మొదటి ప్రశ్న ఎక్కడుండాలన్నదే. హిందూ హోటలువాళ్లు రానివ్వరు. పారశీల సత్రం ఒకటుంటే పారశీ పేరు రాయించుకుని మేడమీద గదిలో దిగారు. పదకొండో రోజు పొద్దున ఆఫీసుకు బయల్దేరబోతుంటే డజనుమంది పారశీలు కర్రలు పట్టుకొచ్చి, నువ్వెవరని నిలదీశారు. సాయంత్రానికల్లా ఖాళీ చేయమన్నారు. ఊళ్లో ఆయనకు ఇద్దరు స్నేహితులున్నారు. హిందూ స్నేహితుడు, నువ్వొస్తే నా నౌకర్లు పోతారన్నాడు. బ్రాహ్మణ కుటుంబం నుంచి క్రైస్తవంలోకొచ్చిన స్నేహితుడు, మా ఇంటావిడను అడగాలన్నాడు. ఇక చేసేది లేక ఊరి తోటలో గంటలకొద్దీ కూర్చుని, రాత్రి బండికి బొంబాయి తిరిగొచ్చేశారు. ఇదంతా ఆయనే 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో రాసుకున్నారు.

అంత చదువు చదివిన మనిషికే ఇల్లు దొరకలేదు అని మనం సభల్లో చెప్పుకుంటాం. నిజమే. దాంతోపాటు ఇంకో సంగతి కూడా పట్టుకోవాలి. కాని పేరు ఆయనకు పదిరోజుల కప్పు ఇచ్చింది, అంతే. ఆ పదిరోజులూ గదిలో బిక్కుబిక్కుమంటూ గడపాల్సి వచ్చింది. బొంబాయి వచ్చాక ఏం చేశారు? ప్రొఫెసరయ్యాక, బారిష్టరయ్యాక కూడా ఏళ్లతరబడి పరేల్‌లో కూలీనాలీ జనం ఉండే చాల్‌లోనే కాపురమున్నారు. 1930లలో దాదర్ హిందూ కాలనీలో రాజగృహ కట్టించి, తన పుస్తకాలతో సహా అందులోకి మారారు. మొదట మనవాళ్ల నడుమ ఇరుకు గదుల్లో, తర్వాత అగ్రకులాల నడుమ సొంత మేడలో. రెండుచోట్లా ఆయన పేరు ఒక్కటే. ఎక్కడ కాపురమున్నా సొంత పేరుతో ఉండటమే మనం తీసుకోవాల్సిన పాఠం.

అదంతా పాతకాలం, పల్లెటూళ్ల సంగతి, సిటీలో కులమెవడడుగుతాడు అని మన ఉద్యోగస్తులే అంటుంటారు. 2015లో సుఖదేవ్ థోరట్, మరికొందరు పరిశోధకులు ఢిల్లీలో, దాని చుట్టుపక్కల పట్టణాల్లో అద్దె ఇళ్ల గురించి వాకబు చేసిన ఫలితాలు ఎకనమిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో అచ్చయ్యాయి. అగ్రకులం పేరుతో అడిగినవాళ్లకు దాదాపు అందరికీ ఇల్లుందన్నారు. దళితుల్లో నూటికి దాదాపు 18 మందికి లేదు పొమ్మన్నారు. ముస్లింలలో దాదాపు 31 మందికి లేదన్నారు. మరికొందరికి ఇస్తామంటూనే లేనిపోని షరతులు పెట్టారు. దేశ రాజధానిలో ఫోను ఎత్తినవాడికి కూడా పేరు వినగానే కులం వినపడింది.

అందుకే మనవాళ్లలో చాలామంది దాచుకునే దారి పట్టారు. ఇంటిపేరు కత్తిరించుకుంటారు. గుమ్మానికి మామిడాకులు, గోడలకు దేవుళ్ల పటాలు, బాబాసాహెబ్ ఫోటో మాత్రం బీరువాలో బట్టల కింద. పల్లె నుంచి తల్లిదండ్రులొస్తామంటే మేమే వస్తాంలే అంటారు. తమ్ముడి పెళ్లికి ఆఫీసువాళ్లను పిలవరు. పిల్లాడికి తాత ఊరి పేరు బయట చెప్పొద్దని నేర్పుతారు. నేను వీళ్లను తిట్టను. ఎండలో పసిబిడ్డను చంకనేసుకుని నాలుగు వీధులు తిరిగినవాడికి తెలుసు ఆ బాధ. తిట్టాల్సింది అడిగినవాడిని. కానీ దానికి మనం ఏం కడుతున్నామో లెక్క వేసుకోవాలి. అద్దె ఐదు వేలనుకుంటాం. దానిమీద తల్లిదండ్రులను కట్టాం, బంధువులను కట్టాం, పిల్లల చేత మొదటి అబద్ధం ఆడించాం. ఇంతా చేస్తే ఆ ఇల్లు మనది కాదు. పక్కింటివాడు ఒక్కమాట చేరేస్తే రేపు ఖాళీ చేయాలి.

రెండో దారి అప్ అండ్ డౌన్. జిల్లా కేంద్రంలో ఏ అంబేద్కర్ నగర్‌లోనో ఇల్లు తీసుకుని రోజూ పనిచేసే ఊరికి బస్సుమీద పోయి రావడం. పొద్దున తొమ్మిదింటికి బస్సు దిగి నాలుగున్నరకు బస్సెక్కే పంతులుకు ఆ ఊళ్లో బడి తప్ప ఏమీ తెలియదు. వాళ్ల పిల్లలకు మంచి బడి కావాలి, ఇంట్లో ముసలివాళ్లకు ఆసుపత్రి దగ్గరుండాలి. అది అర్థముంది. కానీ మనవాడు పదేళ్లు పనిచేసిన ఊళ్లో మన పల్లె మొహం చూడకుండా బదిలీ అయిపోతున్నాడు. రిజర్వేషన్ మీద వచ్చిన ఉద్యోగం, ఆ రిజర్వేషన్ కోసం జెండా మోసిన పల్లెను దాటుకుని రోజూ బస్సులో పోతంది.

అయితే అందరూ పోయి పల్లెలోనే ఉండాలా? ఈ మాటకు మన పిల్లలు గట్టిగానే ఎదురు తిరుగుతారు. 'పల్లె నుంచి బయటపడటానికే గదా సార్ చదువుకుంది, మళ్లీ అక్కడికే పొమ్మంటారా?' అంటారు. వాళ్లన్నదాంట్లో న్యాయముంది. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో ఊరిని పొగిడేవాళ్లను బాబాసాహెబ్ కడిగి పారేశారు. మనల్ని ఊరి చివర పెట్టింది మనం కోరుకుని కాదు. 'మీవాళ్లవైపు చూసుకోకపోయారా' అని ఇల్లివ్వనివాడు కూడా అంటాడు. వాడన్న మాటే మనమూ అంటే వాడి గీతను మనమే గట్టిపరిచినట్టు. పైగా పల్లెలో అద్దెకివ్వడానికి ఖాళీ వాటాలు ఎక్కడున్నాయి? ఉన్నవాళ్లకే చాలని రెండు గదులు. కాబట్టి ఎవరినీ ఫలానాచోటే ఉండమని నేను శాసించను. ఊరి నడుమ ఉండటం మన హక్కు. పల్లెలో ఉండటం మన ఇష్టం. రెండిట్లో ఏది ఎంచుకున్నా మూడు పనులు మాత్రం మరవొద్దంటాను.

మొదటిది. తమ్ముడూ, చెల్లీ, కొత్త ఊళ్లో బస్సు దిగాక టులెట్ బోర్డులు వెతకడానికి ముందు మన పల్లెకు పో. అక్కడ ఎవరూ తెలియదని మొహమాటపడొద్దు. ఫలానా ఊరి పల్లె నుంచి వచ్చాను, మీ బడికి పంతులుగా వచ్చాను అని చెప్పు చాలు. మంచమేసి కూర్చోబెడతారు. ఊళ్లో ఏ ఇంట్లో ఎలాంటి మనుషులున్నారో పల్లెకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. ఆ ఇళ్ల గొడ్లచావిళ్లు ఊడ్చింది, ఆ పొలాల్లో కోత కోసింది వాళ్లే. ఇంతకుముందు వచ్చిన మన ఉద్యోగిని ఎవరు గెంటేశారో, ఎవరు మర్యాదగా చూశారో వాళ్లే చెప్తారు. ఆదివారం చర్చి దగ్గర, సాయంత్రం విగ్రహం అరుగుమీద, పొద్దున కూలికిపోయే ఆటోల దగ్గర, బడిలో మధ్యాహ్నం అన్నం వండే అమ్మ దగ్గర, ఈ నాలుగు చోట్ల నాలుగు రోజులు మాట్లాడితే ఊరి పటమంతా చేతికొస్తుంది. చాకలి, మంగలి, వడ్డెర ఇళ్లవాళ్లను, సాయిబులను కూడా పరిచయం చేసుకో. నాకు మూడో ఊళ్లో ఇల్లిచ్చింది ఒక సాయిబుగారు. 'నా పేరు చెప్పినా పట్నంలో మావాడికి ఇల్లివ్వరు మాస్టారూ' అన్నాడు. మన బాధ తెలిసినవాడు మన కులంలోనే ఉండాలని లేదు.

రెండోది. వాళ్లు అడగకముందే నువ్వే చెప్పు. 'మేం మాదిగలం, ఇల్లిస్తారా?' 'మేం మాలలం, ఇల్లిస్తారా?' అని నిలబడి అడుగు. ఆ మాట నోట్లోంచి రావడం మొదటిసారి కష్టంగానే ఉంటది. నాలుగిళ్లలో లేదంటారు, సామాను దించకముందే లేదంటారు. అది మేలు. ఐదో ఇంట్లో 'అయితే ఏమైంది, అద్దె టైముకిస్తే చాలు' అనేవాళ్లు తగులుతారు. అలాంటివాళ్లు ప్రతి ఊళ్లోనూ ఒకరో ఇద్దరో ఉన్నారు. మనం దాచుకుని తిరిగితే వాళ్లెవరో మనకు ఎప్పటికీ తెలియదు. కులం తెలిసి ఇచ్చిన ఇంట్లో మీ అమ్మ గడప తొక్కినప్పుడు నీ గుండె దడదడలాడదు.

ఒంటరి ఆడపిల్ల ఉద్యోగానికి పోతే ఈ కష్టం రెట్టింపు. కులంతోపాటు 'ఒక్కదానివే ఉంటావా, ఎవరెవరొస్తారు' అన్న ఆరా కూడా ఆమె మీదే. ఆమెను ఒంటరిగా ఇల్లు వెతుక్కోనివ్వడం మనందరికీ సిగ్గు. పల్లె నుంచి ఇద్దరు పెద్ద ఆడవాళ్లు ఆమె వెంట నడిస్తే, ఈ పిల్లకు వెనక మనుషులున్నారని వీధంతటికీ తెలుస్తుంది.

మూడోది. ఎక్కడ కాపురమున్నా సాయంత్రం ఒక గంట పల్లెకివ్వు. లైటు కింద నలుగురు పిల్లల్ని కూర్చోబెట్టి లెక్కలు చెప్పు. స్కాలర్‌షిప్పు ఫారం నింపు. ఆరు తర్వాత బడి మానిన ఆడపిల్ల ఇంటికి పోయి తండ్రితో మాట్లాడు. మన ఇళ్లలో మొదటిసారి డిగ్రీ చదివినవాళ్లం మనం. ఎవరో ఒక పంతులు మన తలుపు తట్టి చదివించమంటేనే ఇక్కడిదాకా వచ్చాం.

ఇక చట్టం సంగతి. రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 15వ అధికరణం రెండో భాగంలో దుకాణాలు, హోటళ్లు, బావులు, చెరువులు, రోడ్ల పేర్లున్నాయి. అద్దె ఇంటి పేరు లేదు. కానీ 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం నాలుగో సెక్షన్ చూడండి. ఏ ప్రాంతంలోనైనా నివాసగృహం కట్టుకోవడం, సంపాదించడం, అందులో కాపురముండటం, వీటిని అంటరానితనం కారణంగా అడ్డుకుంటే నేరమని అందులో ఉంది. నెల నుంచి ఆరు నెలల దాకా జైలు, 100 నుంచి 500 రూపాయల దాకా జరిమానా. బాధితుడు షెడ్యూల్డ్ కులంవాడైతే, కాదని రుజువయ్యేదాకా అంటరానితనం వల్లే చేశాడని కోర్టు అనుకోవాలని 12వ సెక్షన్ చెప్తంది. ఇంత మంచి సెక్షన్లున్నాయని మనలో ఎంతమందికి తెలుసు?

అయితే ఇంటాయన తెలివైనవాడు. కులం వల్ల ఇవ్వనని ఎప్పుడూ అనడు. 'ఖాళీ లేదు' అంటాడు. అందుకే ఇల్లడగడానికి ఒక్కరే పోవద్దు. ఇద్దరు సాక్షులతో పోవాలి. తేదీ, మాట, మనుషుల పేర్లు అదే రోజు కాయితం మీద రాసుకోవాలి. లేదన్న ఇంటికి మర్నాడు వేరే కులం స్నేహితుణ్ణి పంపి అడిగిస్తే ఖాళీ ఉందో లేదో తేలిపోతుంది. కోర్టుల మీదే భరోసా పెట్టుకుని కూర్చోవద్దని కూడా చెప్తన్నాను. 2005లో అహ్మదాబాదు పారశీల హౌసింగ్ సొసైటీ కేసులో, సభ్యత్వం పారశీలకే అన్న నిబంధన చెల్లుతుందని సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. బరోడా సత్రం మెట్లమీద కర్రలు పట్టుకున్నవాళ్లు 1917లో అన్నదీ మావాళ్లకే అనే.

కాబట్టి సంఘాల పెద్దలకు, మండల కమిటీలకు నా మనవి. కొత్త ఉద్యోగులు చేరే రోజు మన మనిషి ఒకరు బస్టాండులో ఉండాలి. ఇల్లు దొరికేదాకా వాళ్లు ఉండటానికి పల్లెలో ఒక గది, అది కమ్యూనిటీ హాలైనా సరే, సిద్ధంగా ఉంచాలి. ప్రతి మండల కేంద్రంలో కులమడక్కుండా ఇల్లిచ్చేవాళ్ల జాబితా ఒకటి రాసిపెట్టుకోవాలి. ఇవ్వనివాళ్ల జాబితా అంతకంటే ముందు రాయాలి. ఇల్లివ్వనివాడి దగ్గరికి పదిమంది పోయి మర్యాదగా కారణమడగాలి. పల్లెలో స్థలమున్నవాళ్లు అదనంగా ఒక వాటా వేస్తే ఉద్యోగికి ఇల్లు, వాళ్లకు నెలనెలా అద్దె. ఊరి షావుకారుకు పోయే డబ్బు మన పల్లెలోనే తిరుగుతుంది. మండల కేంద్రాల్లో సర్కారు క్వార్టర్లు కట్టించమని ఉద్యోగ సంఘాలు డిమాండు చేయాలి. సర్కారు తాళంచెవికి ఇంటిపేరుతో పని లేదు.

కలిసి నిలబడితే ఏమవుతుందో మనకు తెలియంది కాదు. 1985 జులై 17 కారంచేడు మారణకాండ తర్వాత మనవాళ్లు చీరాల వచ్చి నిలబడ్డారు. చంపినవాళ్ల ఊరికి తిరిగి పోమన్నారు. అక్కడే విజయనగర్ కాలనీ కట్టుకుని బతికారు. ఎక్కడ బతకాలో కారంచేడు పెద్దలు కాకుండా తామే తేల్చుకున్నారు. ప్రాణాలు పోయిన జనం చేసిన పని, జీతాలందుకునే మనం అద్దె ఇంటి కోసం చేయలేమా?

చివరగా ఒక చేదు మాట. మాల పల్లెలో ఖాళీ వాటా ఉండి మాదిగ పంతులుకు ఇవ్వకపోవడం, మాదిగ గూడెంలో మాల నర్సమ్మను వేరుగా చూడటం నేను కళ్లారా చూశాను. 'మనోళ్లే గానీ, మనదాంట్లో ఏది?' అని మన గుమ్మంలోనే అడిగితే, ఊళ్లో 'మీరేవుట్లు?' అన్నవాడిని నిలదీయడానికి మనకు నోరెక్కడిది? వర్గీకరణ మీద ఎవరి వాదం వాళ్లకు ఉండొచ్చు. తలదాచుకోడానికొచ్చిన మనిషికి తలుపు తీయడానికి వాదం అక్కర్లేదు.

వచ్చే కమిటీ మీటింగులో ఎజెండా కాయితం మీద ఈ విషయాన్ని ఒకటో నెంబరుగా రాయండి. మీ మండలంలో ఈ ఏడు ఎవరెవరు కొత్తగా చేరారో, ఎక్కడుంటున్నారో, ఏ పేరుతో ఉంటున్నారో కనుక్కోండి. వాళ్ల తలుపు తట్టి, 'మేమున్నాం, మీ అమ్మనూ నాన్ననూ తెచ్చుకోండి' అని చెప్పి రండి.

జై భీమ్.